స్టూడియో ఫ్లాట్ గారికి, టేపు పట్టుకుని రాస్తున్న లేఖ

మహారాజశ్రీ కొండాపూర్ స్టూడియో ఫ్లాట్ గారి దివ్య సముఖమునకు,

ఎర్రటి ఎండలో తమ దర్శనం చేసుకుని ఇప్పుడే వచ్చాను. "అన్నా, 350 ఎస్ఎఫ్‌టీ, ఫుల్లీ ఫర్నిష్డ్, ఒక్కరికి మస్తు సరిపోతది" అని బ్రోకర్ అంటే ఆదివారం నిద్ర మానుకుని బయల్దేరాను. తాళం తీయగానే తమరు మొత్తం కనిపించేశారు. ఇంకా లోపలికి రావడం ఎందుకు, గుమ్మంలోంచే ఇల్లంతా చూసేయొచ్చు.

తమరు మొన్నటిదాకా ఎవరిదో త్రీ బీహెచ్‌కేలో మాస్టర్ బెడ్రూమని చూడగానే తెలిసిపోతోంది. ఒక ప్లైవుడ్ గోడ కొట్టి, బాల్కనీకి అద్దాలు బిగించి, అందులో ఓ గ్రానైట్ బండ పడేసి స్టూడియో అన్నారు. అననీండి. ఈ ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కింద రేకుల గదిని పెంట్‌హౌస్ అంటారు, తమరేం తక్కువ తిన్నారు? మూడు నెలల అడ్వాన్స్, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కోత, అన్నీ మామూలే. రాత్రి తొమ్మిది దాటాక గెస్టులు ఉండకూడదట. పగలైనా వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పి ఉంటే బాగుండేది.

అవన్నీ సరే. ఆ 350 ఎక్కడుందండీ?

నా దగ్గర టేపు ఉంది. గది 12 ఇంటూ 10, అంటే 120. బాత్రూం 7 ఇంటూ 4, అంటే 28. వంటిల్లు అనబడే బాల్కనీ 10 ఇంటూ 4, అంటే 40. మొత్తం 188 చదరపు అడుగులు. మిగతా 162 ఏవని అడిగితే బ్రోకర్ ఏమాత్రం తడబడకుండా "సూపర్ బిల్టప్ అన్నా" అన్నాడు. అంటే లిఫ్టు, మెట్లు, కారిడార్, వాచ్‌మన్ కుర్చీ వేసుకునే చోటు. నేను మెట్ల మీద చాప వేసుకుని పడుకుంటే ఓనర్ ఊరుకుంటాడా?

2016లో రియల్ ఎస్టేట్‌ని అదుపు చేసే రెరా చట్టం వచ్చి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల నిజంగా వాడుకునే చోటు, ఎంతో చెప్పి తీరాలంది కదా అని ఆశపడితే లాభం లేదు. అది కొనుక్కునేవాళ్ళకి. అద్దెకుండేవాళ్ళు ఆ లెక్కలోకి రారని చట్టంలోనే రాసుంది. పైగా కార్పెట్ ఏరియాలో బాల్కనీని కలపరు, అంటే అసలు లెక్క ప్రకారం తమరికి వంటిల్లే లేదు! నేషనల్ బిల్డింగ్ కోడ్ ఒకే గది ఉన్న ఇంటికి ఆ గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే 102 అడుగులు ఉండాలంటుంది. వంటింటికి 5 మీటర్లు, అంటే 54 అడుగులు. స్నానాలగది, లెట్రిన్ కలిపి ఉంటే 30. గదిలో తమరు పాస్, వంటింట్లో ఘోరంగా ఫెయిల్, బాత్రూంలో రెండడుగుల తేడాతో పోయారు. లండన్‌లో ఒక్క మనిషి కొత్త ఫ్లాట్‌కి కనీసం 37 చదరపు మీటర్లు, అంటే దాదాపు 400 అడుగులు అడుగుతారట. అంత అత్యాశ నాకు లేదు.

ఒంటరి మనిషికి నిజంగా 250 చాలు. కానీ పొయ్యికీ దిండుకీ మధ్య మూసుకునే తలుపు ఒకటి ఉండాలి. నువ్వేం చేశావ్? ఫ్రిజ్ పట్టలేదని బాల్కనీ తలుపే పీకేశావ్. రాత్రి చారుకి ఇంగువ పోపు పెడితే పొద్దున ఆఫీసులో నా చొక్కా చెబుతుంది. ఇక ఆ బీరువా ఒకటి. దాని తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకుంటోంది, తగిలీ తగిలీ మంచం చెక్క మీద వేలు దూరేంత గాడి పడింది. ఇక్కడున్న ప్రతివాడూ ప్యాంటు కోసం మంచమెక్కి, చెయ్యి లోపలికి దూర్చి తడుముకున్నాడన్నమాట. దీన్ని ఫర్నిష్డ్ అంటావా? సిగ్గుండాలి. బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలంటే ఫ్యాన్ చూపించారు!

నీలో ఏ సుఖమూ లేదని అనను. ఐదు నిమిషాల్లో ఊడ్చేయొచ్చు. ఎప్‌సెట్ కోచింగ్‌కని తమ్ముణ్ణి నా దగ్గర దింపుదామని చూస్తున్న మా పిన్నికి నీ ఫొటో ఒక్కటి పంపితే చాలు, మళ్ళీ మాటెత్తదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్తూ కూడా ఆ సంగతే ఆలోచించాను.

అద్దె 14,000 అన్నారు. ఆ 350ని నమ్మి లెక్కేసినా నా 188కి వచ్చేది 7,520. అడ్వాన్స్ కూడా ఆ లెక్కనే ఇస్తాను, ఇష్టమైతే సాయంత్రంలోగా బ్రోకర్‌తో ఫోన్ చేయించు. మిగతా 6,480 అంటావా, నెలనెలా లిఫ్టు ఎక్కేవాళ్ళ దగ్గర వసూలు చేసుకో.

ఇట్లు,
ఇంకా టు-లెట్ బోర్డులు చదువుకుంటున్న ఒక బ్యాచిలర్