శ్రీ జీపీఎస్ కెమెరా యాప్ వారి దివ్యసముఖానికి

ఆర్యా,

తమరిని ఫోన్‌లో వేసుకోమని మా పంచాయతీ కార్యదర్శులకు ఆర్డరేదీ రాలేదు. ఊళ్లో పనులు చేయించినట్టు మేం రోజూ ఫోటోలు పెట్టే మండలం వాట్సాప్ గ్రూపులో ఒక రాత్రి 'రేపటి నుంచి జీపీఎస్ ఫోటోలు మాత్రమే పెట్టగలరు' అని మెసేజ్ పడింది. దాని కింద వరసగా 'ఓకే సర్', 'నోటెడ్ సర్', దండాల బొమ్మలు. తెల్లారేసరికి తమరు మా అందరి ఫోన్లలో కొలువుదీరారు. సర్పంచ్‌కైనా ఐదేళ్లకోసారి గండం ఉంటుంది. తమరికి అదీ లేదు.

తమరి పని చూడబోతే చిన్నదే. ఫోటో అడుగున ఒక నల్ల పట్టీ. అందులో ఎడమవైపు అంగుళమంత మ్యాప్, పక్కన ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్, అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము. తమ దాయాదుల్లో కొందరైతే ఎండ ఎన్ని డిగ్రీలుందో, గాలి వేగమెంతో, సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామో కూడా ముద్ర వేస్తారు. మోరీ, అంటే మురికి కాలువ, శుభ్రం చేసిన ఫోటోలో గాలి వేగం ఎవరికి కావాలా అని చాలాకాలం ఆలోచించాను. వాసన పై ఆఫీసు దాకా వస్తుందో రాదో చూసుకోవడానికేమో.

మోరీ అంటే గుర్తొచ్చింది. పొద్దున ఆరింటికి పోచమ్మ గుడి సందులో మా సఫాయి పెద్దమ్మ పని మొదలుపెడుతుంది. చేతి చురుకున్న మనిషి. నేను బండి దిగేసరికే సగం సందు అయిపోయి ఉంటుంది. ఆమె చేస్తున్న నేరం అదే. మాకు కావాల్సినవి మూడు ఫోటోలు: పనికి ముందు, పని నడుస్తుండగా, పని అయ్యాక. ఈమె వేగానికి 'ముందు' అనేది ఎప్పుడూ దొరకదు.

"పెద్దమ్మా, కొంచెం బురద మళ్ల మోరీల ఎయ్యరాదు. ముందు ఫోటో లేదు."

"తీసిందాన్నే మళ్ల ఎయ్యాల్నా? నిన్న గూడ గిట్లనే చేయిస్తివి గద బిడ్డా!"

"ఫోటో దిగినంక మళ్ల తీద్దువు తియ్."

ఆమె గట్టు మీదున్న నల్లటి బురదను పారతో ఎత్తి తిరిగి మోరీలో వేసి, పార పట్టుకుని నిలబడింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోబోయి ఆగింది. ఫోటోలో ముఖం కనబడాలని ఆమెకూ తెలుసు. ఇక తమరు మొదలుపెట్టారు, 'ఫెచింగ్ లొకేషన్' అంటూ గుండ్రంగా తిరగడం. సందు ఇరుకు. రెండువైపులా రెండంతస్తుల స్లాబు ఇళ్లు. పైన ఆకాశం మూరెడు కూడా కనబడదు. ఆ సందులో అరగంట పనికి పావుగంట తమరి ధ్యానం. చివరకు తమరు కళ్లు తెరిచి వేసిన పేరు మా పక్క ఊరిది! ఆ నెల పక్క ఊళ్లో పారిశుధ్యం ఎంత బాగుందో మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

పోనీ ఊరు సరిగ్గా పడినరోజు వీధి పడుతుందా? 'అన్‌నేమ్డ్ రోడ్' అంటారు. ఆ సందుకు పేరు లేకపోవడమేమిటండీ? పోచమ్మ గుడి సందు అంటే ఊళ్లో బుడ్డోడు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. దానికి అటువైపు పాత బడి బాట, ఇటువైపు రేషన్ డీలరు గల్లీ, ఆ కొసన చింతచెట్టు కాడ. ఇన్ని పేర్లున్న ఊరు తమ కంటికి ఒకే ఒక పొడుగాటి పేరులేని రోడ్డు. మొన్న ఒక విజిటింగ్ సారు ఫోటోలు చూసి "మీ ఊర్లో ఈ అన్‌నేమ్డ్ రోడ్ ఒక్కటే క్లీన్ చేస్తున్నారు, మిగతా రోడ్ల సంగతేంటి?" అని అడిగారు. ఆయన జోక్ చేశారో సీరియస్‌గా అన్నారో ఇప్పటికీ మాకు క్లారిటీ లేదు. అడిగే ధైర్యమూ లేదు.

అయితే తమరి వంశం గొప్పదని ఒప్పుకోవాలి. నేల నుంచి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా వారి ఉపగ్రహాల్లో కనీసం నాలుగు ఒకేసారి అందితే తప్ప ఫోన్‌కు తానెక్కడుందో సరిగ్గా తెలియదు. ఒకప్పుడు మామూలు జనం వాడే సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేవారు. లెక్క వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. 2000 మే నెల మొదట్లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఆ తప్పు కలపడం ఆపించాడు. దారి తప్పిన ఓడలకు, విమానాలకు మేలు జరుగుతుందని ఆ రోజు అందరూ సంతోషించి ఉంటారు. పావు శతాబ్దం తిరిగేసరికి ఆ నాలుగు ఉపగ్రహాలూ పోచమ్మ గుడి సందులో బురదకు సాక్షి సంతకాలు పెడతాయని పాపం ఆయనకేం తెలుసు.

ఇక తమరు వేసే అంకెల సంగతి. అక్షాంశం దగ్గర దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన ఆరో అంకె విలువ 11 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు. ఫోన్ జీపీఎస్ మాత్రం ఆరుబయట, ఆకాశం నిండుగా కనబడేచోట కూడా ఐదు మీటర్ల దాకా తప్పుతుంది. అంటే తమరికి తెలిసింది 'ఈ ఇంటి ముందో, పక్కింటి ముందో' అన్నంత మటుకే. చెప్పేది మాత్రం 'చెప్పు మడమ కింద' అన్నట్టు. ఆ చివరి అంకెలను చూసి భయపడని అధికారిని నేను చూడలేదు. ఒకే టాయిలెట్‌కు తీసిన నిన్నటి ఫోటోకూ ఇవాళ్టి ఫోటోకూ ఐదో అంకె తేడా వచ్చిందని మా పక్క పంచాయతీ తమ్ముడికి మెమో ఇచ్చారు, టాయిలెట్ జరిగిందా అని.

అసలు తమరు లేకుండా ఈ పని జరగదా అంటే, భేషుగ్గా జరుగుతుంది. ఫోన్‌తో పాటు వచ్చిన కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేస్తే చాలు. అవే అక్షాంశ రేఖాంశాలు, అదే టైము ఫోటో ఫైల్ లోపల 'ఎగ్జిఫ్' అనే చోట గప్‌చుప్‌గా చేరిపోతాయి. చాలా ఫోన్లలో గ్యాలరీలో ఫోటోను పైకి జరిపితే మ్యాప్ కూడా కనిపిస్తుంది. పట్టీ ఉండదు, యాడ్ ఉండదు. ఒక్కటే చిక్కు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు దారిలోనే ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. కానీ డాక్యుమెంట్ అంటే పై ఆఫీసులో ఎవరో ఒకరు దాన్ని వేలితో నొక్కి, తెరుచుకునేదాకా ఆగి, వివరాల్లోకి పోయి చూడాలి. ఆ శ్రమ పెద్దలకు కలగకూడదనే భూమ్మీద తమరి అవతారం.

యాడ్లు అన్నాను కదా, అదీ చెప్పుకోవాలి. ఫోటో సేవ్ అయ్యేలోపు తెర నిండా ఒక లోన్ యాడ్. 'ఐదు నిమిషాల్లో మీ ఖాతాలో డబ్బు'. దాన్ని మూసే ఇంటూ గుర్తు గసగసమంత. వేలు జారి లోన్ మీద పడితే ఇంకో పేజీ. జీతం లేటైన నెలలో ఆ యాడ్ ముందు మా మల్టీపర్పస్ వర్కర్ అన్న మరీ ఎక్కువసేపు ఆగిపోతున్నాడని గమనించాను.

తమ వీధిలోనే కాపురం ఉండే బ్యూటీ యాప్‌లను నేనెప్పుడూ తిట్టను. అవి నా నల్లటి ముఖానికి సున్నం కొట్టి, దవడ చెక్కి, కళ్లు పెద్దవి చేస్తాయి. చూసినవాళ్లు 'ఫిల్టర్ బాగుంది' అంటారు. అబద్ధమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. హుజీ అనే కొరియా యాప్ ఒకటుంది. ఇవాళ తీసిన ఫోటో మూలన 1998 నాటి తేదీని నారింజ రంగులో వేస్తుంది, పాత రీలు కెమెరా వేసినట్టే. ఆ రీలు కెమెరాల తేదీలనూ ఎవరూ నమ్మలేదు. మా అక్క పెళ్లి ఆల్బం తిరగేస్తే అప్పగింతలు తలంబ్రాలకన్నా రెండేళ్లు ముందే జరిగాయి, కెమెరాలో బ్యాటరీ మార్చినాయన తేదీ పెట్టలేదు కనుక. దాన్ని పట్టుకుని బావ పెళ్లి చెల్లదని ఎవరూ అనలేదు. తమరి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టీ మీద ఉన్నదే సత్యం. మనిషి చెప్పేది రెండో మాట.

తమరి పెద్దన్న సంగతి దేశమంతా చూసింది. ఉపాధి హామీ పనుల్లో హాజరుకు ఎన్‌ఎంఎంఎస్ అని ఒక యాప్ తెచ్చి, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో ఎక్కించాలి. పొద్దున పని ముగించుకున్న కూలీలు రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. సిగ్నల్ దొరక్క, కూలీల హాజరు వేసే మేట్‌లు ఫోన్ పైకెత్తి గుట్టలెక్కాలి. ఇంత పకడ్బందీగా నడిచాక 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారని, ఫోటోకే ఫోటో తీసి పెడుతున్నారని, ఫోటోలో కనబడే మనుషుల లెక్క మస్టర్‌లోని హాజరుతో కలవట్లేదని. మందేమిటయ్యా అంటే, ఆ ఫోటోలన్నిటినీ పంచాయతీ స్థాయిలో మనుషులు కూర్చుని సరిచూడాలట. మనుషుల మీద నమ్మకం లేక యాప్ పెట్టారు. యాప్ మీద నమ్మకం పోయి మళ్లీ మనుషుల్ని పెట్టారు. ఆ సరిచూసే మనుషులు సరిచూస్తున్నట్టు జీపీఎస్ ఫోటో ఎప్పుడు అడుగుతారా అని మేం ఎదురుచూస్తున్నాం.

మొక్కల దగ్గర తమరి ప్రతాపం ఇంకా బాగా తెలుస్తుంది. మా తెలంగాణలో ఊరూరా మొక్కలు నాటే హరితహారం 2015లో మొదలైంది. తర్వాత దాని పేరు వనమహోత్సవం అయింది. పేరు మారింది గాని చాలాచోట్ల గుంత మారలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టమైతే నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని గట్టిగా చెప్పింది. మొక్క బతకడానికి కావాల్సింది నీళ్లు, ట్రీ గార్డు, మేకలు రాకుండా చూసే మనిషి. తమరి దగ్గర ఈ మూడూ లేవు. తమరు ఇవ్వగలిగింది మొక్క పక్కన చెంబు పట్టుకుని వంగిన పది చేతులు, వాటి కింద అక్షాంశం. ఫోటో ఎక్కిన పదకొండో రోజున మేక వచ్చింది. అదీ సరిగ్గా అదే అక్షాంశానికి వచ్చింది, జీపీఎస్ లేకుండానే.

ఇంకో ముచ్చట. బయటకి చెప్పకూడదు గాని, తమరికే చెబుతున్నాను కదా. తమ జాతిలో చాలామందికి 'మాన్యువల్ లొకేషన్' అనే మీట ఉంది. నొక్కితే మ్యాప్ మీద ఎక్కడ వేలు పెడితే అక్కడే ఉన్నట్టు పట్టీ పడుతుంది. తేదీ, టైము కూడా కావాల్సినట్టు మార్చుకోవచ్చు. కొన్నిట్లో ఆ మీటకు డబ్బులు కట్టాలి. అంటే నిజం ఉచితం, అబద్ధానికి ప్రీమియం. ఇంట్లో మంచం మీద పడుకుని చెరువు గట్టు మీద ఉపన్యాసం ఇస్తున్నట్టు ఫోటో పంపగలిగినవాడి పట్టీకీ, ఎండలో గట్టెక్కిన వాడి పట్టీకీ రంగు ఒకటే, అంకెలు ఒకటే, పై ఆఫీసులో పడే టిక్కు కూడా ఒకటే. పెద్దమ్మ చేతి పార ఏ పట్టీలోనూ పట్టదు. ఆ సందులో జనం మాత్రం పట్టీ చూడరు, మోరీలో నీళ్లు పారుతున్నాయా లేదా అని చూస్తారు. వాళ్ల దగ్గర మా పప్పులుడకవు.

ఇంత విన్నవించుకున్నాక ఊరికే పోవడం బాగుండదు కాబట్టి ఒక చిన్న ఫీచర్ అడుగుతున్నాను. ఇప్పటిదాకా తమరు కింది నుంచి పైకే ఫోటోలు పంపారు. పై నుంచి కిందికి పంపే ఏర్పాటు కూడా చేయండి. ట్రాక్టరు డీజిల్ బిల్లు, సఫాయి వాళ్ల జీతాల బిల్లు ఏ ఆఫీసులో, ఏ టేబుల్ మీద, ఏ ఫైలు కింద, ఏ తేదీ నుంచి ఆగి ఉన్నాయో అక్షాంశ రేఖాంశాలతో సహా రోజూ పొద్దున ఆరింటికి మా గ్రూపులో పడాలి. ఆరు అంకెల కచ్చితత్వం అక్కర్లేదు, టేబుల్ తెలిస్తే చాలు. స్లాబు కింద సిగ్నల్ అందదని తమరు తప్పించుకోవద్దు. ఆ టేబుల్ కిటికీ పక్కనే ఉంది, నేను చూశాను. మూడు ఫోటోలు కూడా వద్దు. 'పనికి ముందు' అన్నది ఒక్కటి పంపండి, నెలంతా దాన్నే వాడుకోవచ్చు.

ఇట్లు,
ఫోన్ స్టోరేజ్ నిండిపోయి సొంత పిల్లల ఫోటోలు డిలీట్ చేసుకుంటున్న
ఒక పంచాయతీ కార్యదర్శి
అన్‌నేమ్డ్ రోడ్