గ్రాహం బాండ్ బృందాన్ని క్రీమ్‌కు మెట్టుగా చూడడం ఇక చాలు

1960లలో లండన్‌లో వాయించిన గ్రాహం బాండ్ ఆర్గనైజేషన్ అనే బృందం గురించి ఎవరు ఏది రాసినా మొదటి వాక్యంలోనే క్రీమ్ అనే పేరుమోసిన రాక్ బృందం పేరు వచ్చి కూర్చుంటుంది. క్రీమ్‌కు ముందు బాస్ వాయించే జాక్ బ్రూస్, డ్రమ్స్ వాయించే జింజర్ బేకర్ పనిచేసిన బృందం అంటారు. పరిచయం అక్కడితో అయిపోతుంది. ఆ తరువాత నాలుగు మాటలు బాండ్ మత్తుమందుల గురించి, రెండు మాటలు ఆయన చావు గురించి. పాటల ఊసే ఉండదు. ఈ తీరు చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను. పొడవుగానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

నేను ఈ బృందం దగ్గరికి వచ్చిన దారి వేరు. మా ఇంట్లో మాండలిన్ శ్రీనివాస్ క్యాసెట్లు ఉండేవి. పాలకొల్లులో పుట్టిన ఆ మహానుభావుడు 'రిమెంబర్ శక్తి' అనే బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వాయించింది విన్నాక, ఇంతకీ ఈ ఇంగ్లండు గిటారిస్టు తొలిరోజుల్లో ఎవరి దగ్గర వాయించాడో తెలుసుకోవాలనిపించింది. వెతికితే 1963లో కొన్ని నెలలు గ్రాహం బాండ్ దగ్గర ఉన్నాడని తేలింది. అలా నా చెవిన బాండ్ ముందు పడ్డాడు, క్రీమ్ చాలా ఆలస్యంగా పడింది. ఈ బృందాన్ని ఇంకొకరి ముందుమాటగా వినే అలవాటు నాకు లేకపోవడానికి కారణం బహుశా అదే.

బాండ్ మొదట జాజ్ మనిషి. డాన్ రెండెల్ క్వింటెట్‌లో ఆల్టో శాక్సఫోన్ వాయించేవాడు. 1962లో అలెక్సిస్ కార్నర్ నడిపే బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్‌లో చేరాడు. లండన్ కుర్రకారుకు అమెరికా నల్లజాతి వారి సంగీతమైన బ్లూస్ రుచి చూపించింది ఆ బృందమే. బ్రూస్, బేకర్, టెనార్ శాక్సఫోన్ వాయించే డిక్ హెక్‌స్టాల్-స్మిత్ అప్పటికి అందులోనే ఉన్నారు. 1963 మొదట్లో బ్రూస్‌నూ బేకర్‌నూ వెంటబెట్టుకుని బాండ్ బయటికి వచ్చాడు. మెక్‌లాఫ్లిన్ కలిశాడు, కొన్ని నెలలకే వెళ్ళిపోయాడు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం ఇక్కడే ఉంది. గిటారిస్టు వెళ్ళిపోతే ఇంకో గిటారిస్టును తెచ్చుకోవడం ఆనాడు లండన్‌లో ఏ బృందమైనా చేసే పని. బాండ్ వాళ్ళు మాత్రం హెక్‌స్టాల్-స్మిత్‌ను పిలిచారు. గిటారుకు ఉండవలసిన చోటు ఖాళీగా వదిలేసి, ఆ ఖాళీలోకి కరెంటుతో మోగే హామండ్ ఆర్గన్‌నూ శాక్సఫోన్‌నూ తోశారు. రోలింగ్ స్టోన్స్, యార్డ్‌బర్డ్స్, యానిమల్స్, వీళ్ళందరి దగ్గరా గిటారు ఉంది. అది లేకుండా రిథమ్ అండ్ బ్లూస్ ఎంత బరువుగా, ఎంత మొరటుగా, ఎంత అందంగా మోగగలదో వినాలంటే బాండ్ దగ్గరికే రావాలి.

ఆ హామండ్ గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి. దాన్ని లెస్లీ స్పీకరుకు తగిలించి వాయించిన తొలి బ్రిటిష్ వాద్యకారుల్లో బాండ్ ఒకడు. లెస్లీ పెట్టెలో శబ్దాన్ని బయటికి పంపే కొమ్ము గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. తిరిగే వేగం పెరిగినకొద్దీ స్వరం వణుకుతుంది, తగ్గితే బరువుగా ఊగుతుంది. బాండ్ చేతిలో ఆ పెట్టె ఊపిరి పీల్చుకుంటున్నట్టే ఉంటుంది. ఒక చేత్తో ఆర్గన్ మీటలు నొక్కుతూ, ఇంకో చేత్తో మెడలో వేలాడే ఆల్టోను అదే సమయంలో వాయించేవాడు. దాన్ని గారడీ అని కొట్టిపారేసేవారు ఒక్కసారి కళ్ళు మూసుకుని వినాలి. రెండు వాద్యాలూ ఒకే గొంతులోంచి వచ్చినట్టుంటాయి.

1965 మార్చిలో మొదటి ఆల్బమ్ 'ద సౌండ్ ఆఫ్ 65' వచ్చింది. పద్నాలుగు పాటలు. 'వేడ్ ఇన్ ద వాటర్' అమెరికా నల్లజాతి వారి భక్తిగీతం, దాని పక్కనే అమెరికా గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన బ్లూస్. 'స్పానిష్ బ్లూస్'లో బేకర్ డ్రమ్స్ జాజ్ వైపు లాగుతుంటే బాండ్ ఆర్గన్ గుడి వైపు లాగుతుంది. అన్నీ గొప్ప పాటలని నేను అనను. 'ట్యామీ' అనే సినిమా పాటను సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా కూడా విడుదల చేశారు. ఎలాగైనా ఒక హిట్ రావాలన్న ఆరాటం తప్ప అందులో నాకేమీ వినిపించదు. హిట్ రాలేదు కూడా. అదే ఏడాది చివర్లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో బాండ్ మెలోట్రాన్ వాడాడు. టేపు మీద ముందే ఎక్కించిన స్వరాలను మీటలతో పలికించే ఆ యంత్రం వినిపించిన తొలి రాక్ రికార్డుల్లో అది ఒకటి. బీటిల్స్ పాటలో అది లోకమంతా మోగింది 1967లో.

రెండు ఆల్బమ్‌లూ అమ్ముడుపోలేదు. నా ఉద్దేశంలో దానికి పెద్ద రహస్యమేమీ లేదు. రికార్డులు కొనే పదిహేనేళ్ళ పిల్లలు గోడకు అంటించుకునే ముఖాలు వీళ్ళవి కావు. బాండ్ భారీ మనిషి, ముప్పైకి దగ్గరపడుతున్నాడు. పైగా ఈ సంగీతం పుట్టింది చెమట పట్టే ఇరుకు క్లబ్బుల్లో, మూడు నిమిషాల సింగిల్‌లో అది ఇమడదు. 1964 అక్టోబరులో లండన్‌లోని క్లూక్స్ క్లీక్ క్లబ్బులో తీసిన రికార్డింగ్ ఒకటి ఏళ్ళ తరువాత బయటికి వచ్చింది. శబ్దం నాసిరకం, అయినా స్టూడియో రికార్డులలో కనిపించని పులి అందులో కనిపిస్తుంది.

ఇక గొడవలు. బ్రూస్‌కూ బేకర్‌కూ పడేది కాదు, వేదిక మీదే కొట్టుకున్నారు. 1965లో బ్రూస్‌ను పంపించేసింది బేకరే, బృందం పేరు బాండ్‌ది అయినా. ఆ తరువాత బాస్ భాగాన్ని బాండ్ ఆర్గన్ మీదే వాయించాడు, ట్రంపెట్‌తో నైజీరియా వాద్యకారుడు మైక్ ఫలానా చేరాడు. 1966లో బేకర్ వెళ్ళి గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌తో, మళ్ళీ అదే బ్రూస్‌తో కలిసి క్రీమ్ పెట్టాడు. డ్రమ్స్‌కు జాన్ హైస్‌మన్ వచ్చాడు. 1967లో బృందం ముగిసింది. హైస్‌మన్, హెక్‌స్టాల్-స్మిత్ మరుసటి ఏడాది కొలోసియమ్ అనే బృందం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. క్రీమ్ బతికింది 1966 జులై నుంచి 1968 నవంబరు దాకా, రెండేళ్ళు దాటి కొన్ని నెలలు. బ్రూస్, బేకర్ కలిసి బాండ్ దగ్గర వాయించిన కాలం కూడా రెండేళ్ళకు పైమాటే. మొత్తం బృందం నాలుగేళ్ళు నడిచింది. మరి క్రీమ్‌కేమో చరిత్ర అని పేరు, దీనికేమో అల్పాయుష్షు అని ముద్ర. ఎందుకు? ఒకదానికి డబ్బు వచ్చింది, ఇంకొకదానికి రాలేదు. నాకు వేరే తేడా కనబడదు. క్రీమ్ వేదిక మీద బ్రూస్ మౌత్ ఆర్గన్‌తో వాయించిన 'ట్రెయిన్‌టైమ్' విని పరవశించేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అది 1965లోనే బాండ్ బృందం మొదటి ఆల్బమ్‌లో ఉందని? డబుల్ బాస్ వాయించే బ్రూస్ బాస్ గిటారుకు మారింది కూడా ఈ బృందంలో ఉన్న రోజుల్లోనే.

బాండ్ చివరి రోజుల గురించి రాయకూడదనుకున్నాను. కానీ అందరూ దాన్ని దయ్యాల కథలా చెబుతున్నారు కాబట్టి రాయక తప్పదు. ఆయన బర్నార్డో అనాథాశ్రమం నుంచి దత్తత వెళ్ళిన బిడ్డ. పెద్దయ్యాక మాంత్రికుడు అలీస్టర్ క్రౌలీ తన కన్నతండ్రి అని నమ్మాడు, మంత్రవిద్యలో మునిగిపోయాడు. 1974 మే 8న లండన్ ఫిన్స్‌బరీ పార్క్ స్టేషన్లో భూగర్భ రైలు కింద పడి చనిపోయాడు. వయసు 36. దీన్ని చెప్పుకుని ఒళ్ళు జలదరించుకునేవారికి నా మనవి ఒక్కటే. తండ్రి ఎవరో తెలియని మనిషి తండ్రి కోసం వెతుక్కోవడంలో వినోదం ఏముంది? నాకైతే దుఃఖమే కనిపిస్తుంది.

ఈ రాత్రి ఒక అరగంట దొరికితే ఆ మొదటి ఆల్బమ్ పెట్టుకోండి. 'ఎర్లీ ఇన్ ద మార్నింగ్' దగ్గర ఆగండి. జైల్లో ఖైదీలు పని చేస్తూ పాడుకున్న పాట అది. బాండ్ గొంతు బొంగురుగా, వేడుకుంటున్నట్టు, బెదిరిస్తున్నట్టు వస్తుంది. వినేటప్పుడు తరువాత ఎవరు ఎక్కడికి వెళ్ళారో, ఎవరు ఎంత సంపాదించారో దయచేసి మరిచిపోండి. ఆ నలుగురికీ అప్పటికి అదేమీ తెలియదు.