ఎవరు పాడారో కూడా రాయండి

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాటలకీ వీడియోలకీ కరువు లేదు. డల్లాస్ నుంచి ఒకరు, మెల్‌బోర్న్ నుంచి ఒకరు, మా విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఇంకొకరు పంపుతూనే ఉంటారు. పొద్దున్నే లేచేసరికి ఫోను నిండిపోయి ఉంటుంది. నచ్చినదాన్ని నలుగురితో పంచుకుంటే తప్పేముంది అంటారు. తప్పేమీ లేదు. నా గొడవల్లా, వచ్చినవాటిలో సగానికి ఊరూ పేరూ ఉండవని. ఎవరు పాడారో, ఎక్కడిదో, ఎప్పటిదో, పంపినవాళ్లకి అందులో ఏం నచ్చిందో ఒక్క ముక్క రాయరు. వీడియో వచ్చి పడుతుంది, కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి ఉంటుంది. అంతే.

శుభోదయం బొమ్మల జోలికి మాత్రం నేను పోను. గులాబీ పువ్వు మీద సూక్తి రాసి మా పెద్దత్తయ్య పంపిందంటే ఆవిడ లేచింది, కళ్లజోడు దొరికింది, ఒంట్లో బాగానే ఉందని లెక్క. అది రాని రోజే మాకు టెన్షన్. దానికి వివరాలు అడిగేవాడు మూర్ఖుడు.

పాటల సంగతి వేరు. ఆమధ్య మా బంధువుల గ్రూపులో ఒక సన్నాయి ముక్క తిరిగింది. పైన ‘తమిళనాడు గుడి సంగీతం, తప్పక వినండి’ అని రాసి ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి, కచేరీ అంటే చాలు బస్సెక్కేసే మనిషి, అది విని వెంటనే ఫోను చేశారు. “అమ్మాయ్, తమిళనాడేమిటి? అది చినమౌలానా గారు వాయించింది. మన జిల్లా మనిషే” అని. వెతికితే అసలు వీడియో యూట్యూబ్‌లో దొరికింది. వాయించినవారి పేరు, రాగం, తాళం, డోలు ఎవరు, అన్నీ కింద శుభ్రంగా రాసి ఉన్నాయి. పాపం, ఎవరో ఓపిగ్గా పాత టేపు సంపాదించి, వివరాలన్నీ పోగేసి పెట్టారు. మధ్యలో ఒక మహానుభావుడు రెండు నిమిషాలు కత్తిరించి, ఆ రాసిందంతా వదిలేసి, గ్రూపుల్లోకి తోలేశాడు.

షేక్ చినమౌలానా సాహెబ్ 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. అప్పటికి అది గుంటూరు జిల్లా, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ మీద మనసుపడి అటు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పద్మశ్రీకి ఎంపికైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఆయన శిష్యులే. మన గుంటూరు, ఒంగోలు పల్లెల్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా రామాలయాల్లో, పెళ్లి పందిళ్లలో త్యాగరాజ కీర్తనలు వాయించిన చరిత్ర ఆ ముక్క వెనకాల ఉంది. ఒక్క పేరు రాసి ఉంటే చాలు, న్యూజెర్సీలో పుట్టిన పిల్ల కూడా దాన్ని పట్టుకుని చిలకలూరిపేట దాకా వచ్చేది. పేరు లేదు కాబట్టి గుడి సంగీతమని విని, దణ్ణం బొమ్మ పెట్టి, పక్కకి పోయింది.

బెజవాడ రేడియో విన్నవాళ్లకి నేను చెప్పేది కొత్తేమీ కాదు. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషను అది. పాట వేసే ముందు రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడినవారు ఎవరు అని చెప్పేవారు. చిన్నప్పుడు మాకు విసుగ్గా ఉండేది, పాట వెయ్యకుండా ఈ పేర్లన్నీ ఎందుకని. కానీ వినగా వినగా, ఇది ఫలానావారి బాణీ అని పల్లవి మొదలవకముందే చెప్పేసే చెవి మా తరానికి వచ్చింది అలాగే. పొద్దున్నే వచ్చే భక్తిరంజని కార్యక్రమానికి ఒక రూపం తెచ్చినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు ముఖ్యులు. వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న మనిషి. పదం పాడిన గొంతుతో పాటు ఆ పదం రాసినవాడు కూడా శ్రోతకి తెలియాలనే పట్టుదల అలాంటివారికి ఉండేది. ఇప్పుడు పున్నమ్మతోటలోని ఆ రేడియో స్టేషను చెయ్యాల్సినంత పని మన అరచేతిలో ఫోను చేస్తోంది, పేరు చెప్పే పని ఒక్కటీ తప్ప.

తేదీ లేని వీడియోలు ఇంకా ప్రమాదం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల దగ్గర ఢీకొన్నాయి. ఆ రెండు మూడు రోజులూ గేట్లన్నీ ఎత్తేసిన వీడియోలు వరసపెట్టి వచ్చాయి. ఒకదాంట్లో చక్కగా ఎండ కాస్తోంది, బ్యారేజీ మీద జనం నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. అది ఆ వారానిది కాదని ఇక్కడున్నవాళ్లకి చూడగానే తెలుస్తుంది. అర్ధరాత్రి అమెరికాలో మంచం మీద కూర్చుని చూసే మా మరిది కూతురికి ఎలా తెలుస్తుంది? ఇక్కడ కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగు లేదు. ఉన్న కాస్త చార్జింగూ ‘మేం బాగానే ఉన్నాం, అది పాత వీడియో’ అని చెప్పడానికే అయిపోయింది.

చాలా చేతులు మారిన మెసేజి మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క గ్రూపుకో ఒక్క మనిషికో తప్ప పంపనివ్వడం లేదు. ఆ రెండు బాణాలు కనిపిస్తే ‘ఇది ఎప్పటిది?’ అని మొహమాటం లేకుండా అడగండి. పెద్దవాళ్లు పంపినా అడగండి, ఏమీ అనుకోరు. అనుకున్నా భోజనాల వేళకి మర్చిపోతారు.

సరదాగా పంపుకునేదానికి ఇంత పరిశోధనా అని మా ఇంట్లోనే నన్ను ఎగతాళి చేస్తారు. పరిశోధన ఎవరు చెయ్యమన్నారు? రెండు లైన్లు చాలు. మా అన్నయ్య కొడుకు సింగపూర్‌లో ఉంటాడు, ఎప్పుడో గానీ పంపడు. కిందటిసారి వాడి మెసేజి ఇలా ఉంది: “అత్తా, స్థానం నరసింహారావు గారి పాత గ్రామఫోను రికార్డు. ఆడ గొంతు కాదు, ఆయనదే. ప్లేటు కాస్త స్పీడుగా తిరిగినట్టుంది, శ్రుతి పైకి వెళ్లింది. చివరి సాగదీత విను.” స్థానం వారు ఆడవేషాలకి పేరుపడ్డ రంగస్థల నటుడు. లింకు కూడా అసలుదే పంపాడు, కత్తిరించిన ముక్క కాదు. ఆ మాట వల్లే నేను శ్రుతి పట్టించుకున్నాను. రికార్డు తిరిగే వేగం ఆరు శాతం పెరిగితే పాట దాదాపు ఒక స్వరస్థానం, అంటే హార్మోనియం మీద పక్క మెట్టుకి, పైకి జరుగుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటుకి ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. వన్స్‌మోర్లు కొట్టించుకుంటూ రాత్రంతా సత్యభామగా స్టేజీని ఏలిన ఆ బాపట్ల మనిషి, మూడు నిమిషాల్లో ఎలా సర్దుకున్నాడో వినాలంటే అలా చెప్పి వినిపించేవాడు ఉండాలి. ఆ రోజు మధ్యాహ్నమంతా నేను ఆయన పాటలే వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఈ పత్రిక పెట్టే సంపాదకులకి నాదొక మనవి. సంచికకి ఒక పేజీ దీనికి ఇవ్వండి. సభ్యులకి ఇంటర్‌నెట్‌లో దొరికిన పాటో, నాటకం ముక్కో, వింత ఫొటోనో వేసుకుందాం. కాకపోతే పేరు, ఊరు, కాలం, ఎందుకు నచ్చిందో రాయనిది వెయ్యకండి. తెలియకపోతే తెలియదని రాస్తే చాలు, చదివినవాళ్లలో ఎవరో ఒకరు చెబుతారు.

అలాగే 80ల్లో, 90ల్లో వెళ్లినవాళ్ల గరాజుల్లో క్యాసెట్లు ఉంటాయి. టూ-ఇన్-వన్‌లో బెజవాడ రేడియో నుంచి పట్టినవి, పెళ్లి సన్నాయి, నాన్నగారి పద్యాలు. బాబాయి దగ్గర ఒక పెట్టెడు ఉన్నాయి. వాటిలో ఒకదాని అట్ట మీద ‘భక్తిరంజని, శనివారం’ అని మాత్రం ఉంది, ఏ సంవత్సరం శనివారమో ఆయనకే గుర్తులేదు. మీ క్యాసెట్లని ఫోనులోకి ఎక్కించేటప్పుడు ఫైలు పేరు దగ్గర పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం కొట్టి మరీ సేవ్ చెయ్యండి. ఆ గొంతు ఎవరిదో అమ్మకో అత్తయ్యకో గుర్తుండొచ్చు, ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు వినిపించి అడగండి.