వెయిటేజీ పట్టిక గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ వెయిటేజీ పట్టిక గారి దివ్య సముఖమునకు, హైదరాబాదు నుంచి ఒక కన్సల్టింగ్ సంస్థ ఉద్యోగి నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

ఒక్కో అంశానికి ఎంత ప్రాధాన్యమో అంకెల్లో పెట్టి ఊళ్లకు మార్కులు వేసే తమరి దయవల్ల మా సంస్థ కొత్త కార్యాలయానికి బెంగళూరు, చెన్నై, పుణె నగరాలను వెనక్కు నెట్టి హైదరాబాదు ఎంపికైంది. ఊరివాణ్ణి కనుక సంతోషించాను. తమరి గడులు నిండుతున్నంతసేపూ పక్క కుర్చీలోనే ఉన్నవాణ్ణి కనుక ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

మా మేనేజింగ్ పార్ట్‌నర్ గారు జూబ్లీహిల్స్‌లో ఇల్లు కొన్న సంగతీ, వారి అమ్మాయికి ఇక్కడి బడిలో సీటు ఖాయమైన సంగతీ మాకు టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు. తమరికి మాత్రం తెలియదు, ఎందుకంటే తమరిలో దానికి వరుస లేదు. శుభలేఖలు అచ్చయ్యాక జాతకాలు పట్టుకుని సిద్ధాంతి గారి గుమ్మం ఎక్కినట్టు, ఊరు నిర్ణయమయ్యాకే మావాళ్లు తమరి దగ్గరికి వచ్చారు. పాపం, తమరు మొదట మొహమాటం లేకుండానే మాట్లాడారు; బెంగళూరు ముందుందని చెప్పారు. గదిలో కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. ఆ తరువాత ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, ‘నిపుణుల లభ్యత’కు ఇచ్చిన 30 కాస్త ఎక్కువేమోనని సందేహం వెలిబుచ్చారు. అందులోంచి 10 తీసి ‘కార్యాలయ అద్దె’కు కలిపారు. మొత్తం 100 దగ్గర చెక్కుచెదరలేదు. హైదరాబాదు గడి పచ్చబడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, సమోసాలు వచ్చాయి.

ఇక ‘ప్రయాణ సౌకర్యం’ అన్న వరుస గురించి చెప్పుకోవాలి. ముంబయి నుంచి మా బృందం ఆదివారం ఉదయం శంషాబాదులో దిగి, 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డులో తమకు కావలసిన ముక్కను మాత్రం చూసుకుంటూ హాయిగా గచ్చిబౌలి చేరుకుంది. ఆ హాయికి 10కి 9 పడ్డాయి. బెంగళూరును మాత్రం శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలిలో నిలబడి కొలిచారు. అదే బృందాన్ని ఒక వానపడ్డ బుధవారం, సాయంత్రం ఆరు దాటాక, ఐకియా కూడలిలో వదిలిపెట్టి ఉంటే తమరి అంకెలు ఎలా ఉండేవో నేను ఊహించదలచుకోలేదు. ‘మెట్రో అందుబాటు’ అన్న గడిలో ‘ఉంది’ అని రాశారు. ఉన్న మాట నిజమే. ఉప్పల్‌లో ఎక్కినవాడు అమీర్‌పేట మీదుగా వచ్చి రాయదుర్గంలో దిగుతాడు, రైలు ఇంక ముందుకు పోదు, మా కార్యాలయమేమో నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆ మిగిలిన దూరం షేర్ ఆటోలో ఒక తొడ లోపల, ఒక తొడ బయట పెట్టుకుని సాగుతుంది. ఒళ్లో లాప్‌టాప్ సంచి, అందులో తమరి ప్రింటు.

నన్ను బాధించేది ఏమిటంటే, ఈ గారడీ ఏమీ లేకుండానే హైదరాబాదు గెలవగలిగేది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్ననాటి నుంచి ఈ పడమటి వైపు ఎంత మారిందో చూడని కన్సల్టెంట్ లేడు. 2006 నుంచి భవనాల అంతస్తుల విస్తీర్ణానికి గట్టి పరిమితి లేకపోవడంతో ఇక్కడ కార్యాలయాల జాగా పుష్కలంగా లేచింది, అందుకే అద్దె బెంగళూరు, ముంబయిలకన్నా తక్కువ. డెలాయిట్ వంటి పెద్ద సంస్థలు ఎప్పుడో ఇక్కడ వేలాది మందిని కూర్చోబెట్టాయి. గచ్చిబౌలిలోనే ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఉంది. మందుల కంపెనీలు కావాలంటే నగరం చుట్టూ ఉన్నాయి. ఇవన్నీ రాసి, వాటి పక్కనే రాయదుర్గం దగ్గర ఆగే రైలు సంగతి కూడా రాసి ఉంటే సరిపోయేది. అప్పుడు జూబ్లీహిల్స్ ఇంటికి రావలసిన మర్యాద రాదేమోనని భయపడ్డారు కాబోలు.

తమరి నుంచి సంజాయిషీ కోరుతున్నది ఒక్క విషయంలోనే. ‘కార్యాలయ అద్దె’కు ఏకంగా 25 మార్కులున్నాయి కదా, ఉద్యోగి ఇంటి అద్దెకు ఒక్కటైనా ఎందుకు లేదు? చదరపు అడుగు మీద సంస్థ ఆదా చేసుకున్న సొమ్మును తరువాత కొండాపూర్‌లో అద్దె రూపంలోనో, ఉప్పల్ నుంచి వచ్చేవాడి నిద్ర రూపంలోనో మేమే చెల్లిస్తున్నాము. చెల్లించేది మేము, మిగిలేది సంస్థకు, పేరొచ్చేది నగరానికి. పైగా మాలో సగం మంది సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి క్లయింటు ఊరికి పోయి గురువారం రాత్రి తిరిగి వస్తారు. అంటే ఇంత శాస్త్రీయంగా ఎంపిక చేసిన కార్యాలయంలో వారమంతా కూర్చునేవి ఎక్కువగా కుర్చీలే. వాటి అభిప్రాయం కూడా ఎవరూ అడగలేదనుకోండి.

ఇప్పుడు మావాళ్ల చూపు చిన్న నగరాల మీద పడింది. విశాఖపట్నం, కోయంబత్తూరు, భువనేశ్వర్‌లలో ఒకదానిని నిష్పక్షపాతంగా తేల్చేందుకు తమరిని మళ్లీ రప్పిస్తున్నారు. ఈసారైనా ‘ఇంటి అద్దె’, ‘బుధవారం సాయంత్రం ఆరు గంటలు’, ‘పార్ట్‌నర్ గారి అత్తవారి ఊరు’ అనే మూడు వరుసలను కలుపుకుని దయచేయగలరని ప్రార్థన. శుక్రవారానికల్లా అంకెలు నింపి పంపమని నాకు ఖాళీ ఫైలు ఇచ్చారు. దాని పేరు ‘విశాఖ ఫైనల్’.

ఇట్లు,
తమరి విధేయుడు,
నానక్‌రామ్‌గూడ, హైదరాబాదు.