సీట్లు పెరిగాయి సరే, నేర్పేదెవరు?
ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సీట్లు పెరిగిపోయి సివిల్, మెకానికల్ సెక్షన్లు మూతపడుతున్నాయని మీ పత్రికలో రాశారు, నిజమే. 2024-25 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ బాగా నడిచే కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేసింది కదా, ఇంకా పెరుగుతాయి. నేను హైదరాబాద్ మాదాపూర్‌లో పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాను. కొత్తగా చేరే పిల్లలకు కోడ్ రాయడం వస్తుంది, కానీ వేరేవాళ్లు రాసిన పాత కోడ్ చదివి, ఒక్కచోట మార్చి, మిగతాదేమీ చెడిపోలేదని టెస్టులు రాసి చూపించమంటే బిక్కమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదండి. మా అన్నయ్య కూతురు ఇక్కడే ఒక కాలేజీలో మూడో సంవత్సరం. సాఫ్ట్‌వేర్‌ను పద్ధతిగా తయారుచేయడం నేర్పాల్సిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ వాళ్లకు ఒక్క సెమిస్టర్ సబ్జెక్టు, తయారీ దశలను చూపే వాటర్‌ఫాల్, స్పైరల్ మోడల్ బొమ్మలు గీసి పాసైంది, మినీ ప్రాజెక్టేమో క్లాసులో చాలామంది తామే చేయకుండా అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చారట. ఎంత బాధేసిందో! అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1996లోనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌ను విడిగా డిగ్రీ చేసింది, మధ్యలో కంపెనీలో జీతానికి పనిచేయడం అక్కడ తప్పనిసరి. మన దగ్గరా మూడో సంవత్సరంలో ఒక సెమిస్టర్ అలా పంపాలి. మా టీమ్‌కు ఇద్దరిని పంపినా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడానికి నేను రెడీ.