గీసిన చేతులే చెరిపేస్తే

లెదర్‌బ్యాక్ తాబేళ్ల కోసం 1997లో అభయారణ్యంగా ప్రకటించిన గలాథియా అఖాతం, 2021 జనవరిలో ఒక్క సమావేశంతో అభయారణ్యం కాకుండా పోయింది. తాబేళ్లు రావడం మానేశాయా అంటే, లేదు. గుడ్లు పెట్టే ఇసుక మాయమైందా అంటే, అదీ లేదు. గ్రేట్ నికోబార్ దీవి దక్షిణ కొసన ఓడరేవు కట్టాలనుకున్నారు, అభయారణ్యం అడ్డొచ్చింది, తీసేశారు. ఆ పని చేసింది జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం. వన్యప్రాణుల తరఫున మాట్లాడటానికే ఏర్పడిన సంఘం అది. తర్వాత వచ్చిన అటవీ అనుమతి, పర్యావరణ అనుమతి, గిరిజన రిజర్వు తొలగింపు ప్రతిపాదన, అన్నీ ఆనాడు తెరిచిన దారిన నడిచి వచ్చినవే.

ఆ సమావేశం జరిగిన కొద్ది రోజులకే కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ సముద్ర తాబేళ్ల సంరక్షణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. దేశంలో తాబేళ్లకు ముఖ్యమైన ఆవాసాల జాబితాలో గలాథియా పేరు అందులో ఉంది. ఒకే శాఖ, ఒకే శీతకాలం. ఒక కాగితం ఆ తీరాన్ని కాపాడాలంటుంది, మరో కాగితం అక్కడ రక్షణ అక్కర్లేదంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమని ప్రభుత్వం నమ్ముతోందో ఇప్పటికీ చెప్పలేదు.

ప్రాజెక్టు వివరాలు పాఠకులకు కొత్త కావు. కంటైనర్ల ఓడరేవు, అంతర్జాతీయ విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం. మొదటి అంచనా 72 వేల కోట్ల రూపాయలు. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. కూలబోయే చెట్లు 9.64 లక్షలని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. బదులుగా హర్యానాలో మొక్కలు నాటుతారట. నికోబార్ వర్షారణ్యంలో కూలిన చెట్టుకు హర్యానా మెట్టనేలలో నాటిన మొక్క ఎలా సమానమవుతుందో వివరించాల్సిన బాధ్యత ఆ లెక్క వేసినవారిదే.

సమర్థించేవారి వాదనా తెలిసిందే. మలక్కా జలసంధి ముఖద్వారం దగ్గరున్న ఈ దీవికి రక్షణపరంగా ప్రాముఖ్యం ఉంది, మన సరుకు కొలంబో, సింగపూర్ రేవుల్లో ఓడలు మారుతుంటే ఆ ఆదాయం మనకెందుకు దక్కకూడదని వారు అడుగుతున్నారు. దేశ రక్షణకు కావలసింది దేశం సమకూర్చుకోవాల్సిందే. కానీ పర్యాటకులకు విడిది గృహాలు, లక్షల మందికి కాలనీలు ఏ శత్రువును అడ్డుకోవడానికి? 2011 జనాభా లెక్కల్లో 8 వేల మంది ఉన్న దీవికి మూడు దశాబ్దాల్లో 3.5 లక్షల మందిని తీసుకురావడం సైనిక అవసరం ఎలా అవుతుంది? రక్షణ పేరు చెప్పి పట్టణం కట్టడం ఒకసారి చెల్లితే, రేపు ప్రతి తీరంలో ప్రతి స్థిరాస్తి పథకమూ అదే పేరు చెప్పుకొని వస్తుంది.

ఈ పత్రిక ఆందోళన ముఖ్యంగా ఆ ఆనవాయితీ గురించే. రక్షిత ప్రాంతమంటే ఎవరికీ అవసరం రానంత వరకే రక్షణ ఉన్న ప్రాంతమని గలాథియాతో ఖాయమైంది. అవసరం వచ్చిన రోజు ఆ గీతను గీసిన చేతులే చెరిపేస్తాయి.

పోగొట్టుకుంటున్నదేమిటో కూడా చెప్పుకోవాలి. లెదర్‌బ్యాక్ ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేలు. దానికి గట్టి చిప్ప ఉండదు, వీపంతా తోలు. దాదాపు రెండు మీటర్ల పొడవు, వందల కిలోల బరువు ఉంటుంది. జెల్లీ చేపలను తిని బతుకుతుంది. వేల కిలోమీటర్లు ఈది, గుడ్లు పెట్టే కాలానికి తీరం వెతుక్కుంటూ వస్తుంది. లిటిల్ అండమాన్‌లో శాస్త్రవేత్తలు ఉపగ్రహ పరికరాలు అమర్చిన తాబేళ్లు ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, ఆఫ్రికా తూర్పు తీరం వైపు వెళ్లినట్లు నమోదైంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో వాటికి మిగిలిన ముఖ్యమైన తీరాల్లో గలాథియా ఒకటి. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని ఊడ్చేసింది. దీవి దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగుభాగం నీటిలో మునిగింది. క్రమంగా ఇసుక మళ్లీ మేట వేసింది, తాబేళ్లూ మళ్లీ వచ్చాయి. అంతటి ఉత్పాతం తర్వాత కోలుకున్న తీరం, కాంక్రీటు అడ్డుగోడలు కట్టి, మట్టి తవ్వి, రాత్రంతా దీపాలు వెలిగే రేవు పెడితే మాత్రం కోలుకోదు. అలల అడ్డుగోడల మధ్య తాబేళ్లకు దారి వదులుతామంటున్నారు. కంటైనర్ ఓడలు రాకపోకలు సాగించే సందులోంచి గుడ్లు మోసుకుంటూ తాబేలు వస్తుందని నమ్మమంటున్నారు.

నికోబార్ మెగాపోడ్ అనే పక్షిది మరో కథ. ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. తీరం పక్క అడవిలో ఆకులు, మట్టి, ఇసుక పోగు చేసి పెద్ద దిబ్బ కడుతుంది, ఆ దిబ్బలో ఆకులు కుళ్లి పుట్టే వేడికే గుడ్లు పొదగబడతాయి. తల్లి కూర్చుని పొదగదు. తీరానికి ఆనుకుని ఉన్న ఆ సన్నని అడవి పోతే దానికి వెళ్లే చోటు లేదు. సునామీ దాని సంఖ్యను దెబ్బకొట్టింది, ఇప్పుడు మిగిలినవాటి మీద బుల్‌డోజర్ పడబోతోంది.

పగడపు దిబ్బల సంగతికి వస్తే ప్రభుత్వ ద్వంద్వ నీతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాజధాని శ్రీవిజయపురం, అంటే నిన్నటి పోర్ట్‌బ్లెయిర్, దగ్గర వండూరు సముద్ర జాతీయ పార్కులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ అనే రెండు చిన్న దీవులున్నాయి. పగడాలకు విశ్రాంతి కావాలని ఏడాదిలో కొంత కాలం ఒకదాన్ని, మిగతా కాలం రెండోదాన్ని సందర్శకులకు తెరుస్తారు. జాలీబాయ్‌కి ప్లాస్టిక్ సంచి తీసుకెళ్లనివ్వరు. మంచి పద్ధతి, మెచ్చుకోవాలి. స్వరాజ్ ద్వీప్‌లో, శహీద్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్‌కు దిగేవారికి పగడాన్ని తాకవద్దని శిక్షకులు పదేపదే చెబుతారు. పర్యాటకుడి వేలు తగిలితేనే పగడం చస్తుందని తెలిసిన ప్రభుత్వం, గలాథియా ప్రాంతంలోని 20,668 పగడపు సముదాయాల్లో 16,150 సముదాయాలను పెకలించి వేరే చోట నాటుతామని పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు నిశ్చింతగా చెప్పింది. మిగిలిన నాలుగున్నర వేల సంగతి? ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరిగే జాతులు ఎన్నో ఉన్న దిబ్బ అది. సముద్రం వేడెక్కి 2010లో, 2016లో అండమాన్ పగడాలు తెల్లబడి చచ్చిన అనుభవం కళ్లముందే ఉంది. పర్యాటకుడికి వర్తించే నియమం ఓడరేవుకు వర్తించనప్పుడు అది పరిరక్షణ ఎలా అవుతుంది?

ఇక మనుషులు. గ్రేట్ నికోబార్ లోపలి అడవుల్లో నివసించే షోంపెన్‌లు 2011 లెక్కల ప్రకారం 229 మంది. మొగలి జాతి చెట్ల పండ్లు, దుంపలు, వేట వారి ఆహారం. బయటివారితో వారి సంబంధం చాలా పరిమితం, బయటి జబ్బులను తట్టుకునే శక్తి అంతకన్నా పరిమితం. గ్రేట్ అండమానీలకు ఏమైందో చరిత్రలో ఉంది. 1858లో బ్రిటిష్‌వారు ఖైదీల వలసను స్థాపించినప్పుడు వేలల్లో ఉన్నవారు ఇప్పుడు పదుల్లోకి వచ్చారు. వారి భాషల్లో ఒకటైన 'బో'ను మాట్లాడే చివరి మహిళ 2010లో కన్నుమూసింది. బయటి జనం ముంచెత్తితే చిన్న తెగ ఏమవుతుందో ఈ దీవులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈ దీవిలోని మరో గిరిజన తెగ నికోబారీల ఫిర్యాదు ఇంకా సూటిగా ఉంది. సునామీ తర్వాత వారిని సొంత ఊళ్ల నుంచి క్యాంప్‌బెల్ బే దగ్గరి కాలనీలకు తరలించారు. తమ ఊళ్లకు తిరిగి వెళ్తామని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి నిరభ్యంతర పత్రం ఇచ్చింది. ప్రాజెక్టులో తమ పూర్వీకుల ఊళ్లే ఉన్నాయని తెలిశాక అదే ఏడాది నవంబరులో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. ఇచ్చినప్పుడు పనికొచ్చిన సంతకం వెనక్కి తీసుకున్నప్పుడు ఎందుకు లెక్కకు రాలేదు? అటవీ హక్కుల చట్టం కింద గుర్తింపు పూర్తయిందని అధికారులు ధ్రువీకరిస్తే, ఆ ప్రక్రియ మొదలే కాలేదని మండలి అంటోంది. షెడ్యూల్డ్ తెగలను ప్రభావితం చేసే ప్రధాన విధాన నిర్ణయాల్లో జాతీయ ఎస్టీ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగంలోని 338ఏ అధికరణం చెబుతోంది. ఆ కమిషనే 2023లో ఈ ప్రాజెక్టుపై వివరణ కోరాల్సి వచ్చింది.

గలాథియాకు ప్రతిగా మూడు కొత్త అభయారణ్యాలు ప్రకటించామని ప్రభుత్వం చెప్పుకుంటోంది. లిటిల్ నికోబార్‌లో తాబేళ్లకు, మెంచల్ దీవిలో మెగాపోడ్‌కు, మెరో దీవిలో పగడాలకు. ఆ చోట్లు నికోబారీల సంప్రదాయ హక్కు ఉన్నవి. తమను అడగకుండానే ప్రకటించారని వారు అభ్యంతరం చెప్పారు. ఓడరేవు కోసం గిరిజనుల నేల ఒకచోట తీసుకుని, దాని పరిహారం కోసం గిరిజనుల నేల మరోచోట తీసుకోవడాన్ని ఏ న్యాయం ఒప్పుకుంటుంది?

నియమం ఉన్నా పాటించకపోవడం ఈ దీవుల్లో పాత జబ్బే. జారవా గిరిజనుల అడవి గుండా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డులో ఆ భాగాన్ని మూసేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మూయలేదు. 2012లో, తిండి ఆశ చూపి జారవా ఆడవాళ్ల చేత పర్యాటకుల ముందు నృత్యం చేయించిన వీడియో ప్రపంచమంతా చూసింది. దేశం తలదించుకుంది. రోడ్డు మాత్రం నడుస్తూనే ఉంది. అక్కడ నియమాన్ని అమలు చేయలేదు, ఇక్కడ గలాథియాలో నియమాన్నే తీసేశారు. రెండో పద్ధతి మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఉల్లంఘనను కోర్టులో ప్రశ్నించవచ్చు, లేని నోటిఫికేషన్‌ను పట్టుకుని ఎవరు ఎక్కడికి వెళ్లగలరు?

ఈ ఆనవాయితీ గలాథియాతో ఆగదని చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. లిటిల్ అండమాన్‌కూ నీతి ఆయోగ్ ఒక దార్శనిక పత్రం తయారు చేసింది. అందులో అడవి, ఓంగీల గిరిజన రిజర్వులో కొంత భాగం నోటిఫికేషన్ తొలగించి నగరం, విహార కేంద్రాలు కట్టాలని ఉంది. అక్కడా లెదర్‌బ్యాక్ తాబేళ్లే గుడ్లు పెడతాయి. నికోబార్‌లో తీసేసిన రక్షణకు ప్రత్యామ్నాయంగా మిగిలిన తీరం మీదికే తర్వాతి పథకం వస్తుందన్నమాట.

తెలుగువారికి ఇది దూరపు సంగతేమీ కాదు. శ్రీవిజయపురంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి అక్కడ చేపల వేటతో స్థిరపడినవారున్నారు. సెలవుల్లో మన ఊళ్ల నుంచి డైవింగ్‌కు, నీలి సముద్రానికి వెళ్లివచ్చేవారు వేలల్లో ఉంటారు. విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే పిల్లలను సముద్రంలోకి వదిలినప్పుడు పిల్లాపాపలతో వెళ్లి చూసేవాళ్లం. అదే దేశపు మరో తీరంలో ఇంకా అరుదైన తాబేలు చోటును లాక్కుంటుంటే మన ఎంపీలు పార్లమెంటులో నోరు విప్పాలని అడిగే హక్కు మనకుంది.

2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అటవీ అనుమతిలో జోక్యం చేసుకోలేదు. పర్యావరణ అనుమతిలోని లోపాలను పరిశీలించడానికి ఒక ఉన్నతస్థాయి కమిటీని వేసింది. దానికి అధ్యక్షుడు పర్యావరణ మంత్రిత్వ శాఖ కార్యదర్శి. అనుమతి ఇచ్చిన శాఖే ఆ అనుమతి సక్రమమో కాదో తేల్చింది. ఆ తర్వాత నివేదికను రహస్యమన్నారు. తాబేలు గుడ్ల లెక్కలో, పగడాల తరలింపు పద్ధతిలో దేశ రహస్యం ఏముందో ఎవరికైనా అర్థమవుతుందా?

కాబట్టి కేంద్రం చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. గలాథియా అభయారణ్య నోటిఫికేషన్‌ను పునరుద్ధరించాలి. గిరిజన మండలి వెనక్కి తీసుకున్న నిరభ్యంతర పత్రాన్ని లేనట్లే పరిగణించి, గ్రామ సభల్లో నికోబారీల భాషలో ప్రాజెక్టును వివరించి, వారు వద్దంటే ఆగాలి. షోంపెన్‌ల అడవి జోలికి వెళ్లకూడదు. సైన్యానికి నిజంగా ఏ సదుపాయం కావాలో దాన్ని పట్టణం నుంచి, విహార కేంద్రాల నుంచి విడదీసి విడిగా చెప్పాలి. కమిటీ నివేదికను ప్రజల ముందు పెట్టాలి. వన్యప్రాణి మండలి సభ్యులు తాము ఎవరి కోసం ఆ కుర్చీల్లో కూర్చున్నారో గుర్తు తెచ్చుకోవాలి. తాము కాపాడాల్సిన చోటును తామే రద్దు చేసి, ఎందుకు చేశారో ఇన్నేళ్లయినా దేశానికి చెప్పకుండా తప్పించుకు తిరగడం ఆ మండలికీ, దాన్ని నడిపే పర్యావరణ శాఖకూ సిగ్గుచేటు.