చక్రాలు కనపడకూడదు

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పాత భవనాన్ని 2025 ఫిబ్రవరిలో కూల్చడం మొదలుపెట్టారు. అది కూలకముందే దాని ఎదుట కూలబడి విలపించినవారి లెక్క మాత్రం ఏ రికార్డులోకీ ఎక్కినట్టు లేదు. ఆ రోజుల్లో ఎవరి ఫోను తెరిచినా ఒకటే శోకం: తమ బాల్యాన్ని నేలమట్టం చేస్తున్నారని. నగరంలో సగంమంది బాల్యం ఆ ఒక్క పోర్టికో కిందే గడిచిందని అప్పటిదాకా నాకు తెలియదు. నిజంగా గడిచి ఉంటే, తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, ఒక చేత ఆవకాయ జాడీ, మరో చేత నిద్రమత్తులో జోగుతున్న పిల్లవాడితో బయటికొచ్చే మా కుటుంబానికి అడుగుపెట్టే సందు ఎలా దొరికేదో ఇప్పటికీ అంతుబట్టదు.

చచ్చినవాడి కళ్ళు చారెడన్నారు పెద్దలు. చచ్చిన స్టేషను కళ్ళు ఎంతెంత ఉంటాయో చెప్పకుండానే పోయారు. నేను శ్రద్ధగా పరిశీలించి గ్రహించినదేమిటంటే, ఈ శోకానికి కొన్ని అర్హతలున్నాయి. శోకించేవారు గత పదేళ్ళలో అక్కడ రైలెక్కి ఉండకూడదు; 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి వారి ప్రయాణాలన్నీ ఆకాశమార్గానే సాగి ఉండాలి. ఎదురుగా తాగిన ఇరానీ చాయ్ ప్రస్తావన తప్పనిసరి, తాగినా తాగకపోయినా. చివరిది వాసన. మూత్రశాలల దగ్గర ముక్కుకు రుమాలు కట్టుకుని పరిగెత్తినవారు సైతం ఇప్పుడు ఆ గాలిని అత్తరులా తలుచుకోవాలి. ఒక యువకుడైతే చిన్నప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద పీల్చిన బొగ్గుపొగను తలచుకుని కంటతడి పెట్టాడు. అతడు పుట్టినది 2001లోనని అతడే చెప్పుకున్నాడు. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995లోనే నిలిచిపోయాయి. పుట్టకముందే పొగ పీల్చిన ఆ ప్రజ్ఞకు నమస్కరించడం తప్ప నేను చేయగలిగింది లేదు.

చరిత్రను కూడా వదలలేదు. ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చిందనీ, బొంబాయి–మద్రాసు మార్గంతో తన రాజ్యాన్ని కలుపుకోవడానికి నిజాం ప్రభుత్వం సొమ్ము పెట్టిందనీ అందరూ ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నారు. మంచిదే. అయితే ఆ స్టేషనులో మనిషిని కట్టిపడేసినది నిజాం కాలపు ఠీవి కాదు. రైలుపెట్టెకు అంటించే రిజర్వేషను చార్టు. మైదాపిండి జిగురు ఇంకా ఆరకముందే, తడికి అక్షరాలు ఉబ్బుతుండగా, యాభైమంది ఒకే కాగితం మీదికి వంగి, ఒక్కో వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి జారుతుంటే, నాన్న ఇంటిపేరును గుమాస్తా ఎన్ని ముక్కలు చేసి కుట్టాడో తేలేదాకా అమ్మ ఊపిరి బిగబట్టి నిలబడేది. దొరికిన పేరు మీద వేలు తీయకుండానే నాన్న వెనక్కి తిరిగి మమ్మల్ని లెక్కపెట్టేవాడు. 2018లో ఆ చార్టులు అంటించడం మానేసినప్పుడు ఒక్క కన్ను చెమర్చలేదు. జిగురు కాగితం ఫొటోలో అందంగా రాదు కదా!

ఇక అసలు సంగతికి వస్తాను. కూల్చివేతకు కొద్దిరోజుల ముందు, బండికి ఇంకా గంట ఉందనగా, ఆ పోర్టికో దగ్గర నేనొక వీడ్కోలు చిత్రీకరణ చూశాను. నలుగురు యువకులు, ఒకరి చేతిలో కెమెరా, ఒకరి చేతిలో ఎండను మళ్ళించే వెండిరంగు పళ్ళెం లాంటి సరంజామా, మిగిలిన ఇద్దరి చేతుల్లో అభిప్రాయాలు. వారికి 'పాత స్టేషన్ ఆత్మ' కావాలట. ఆత్మ కోసం కాసేపు అటూ ఇటూ వెతికి, గోడకు ఆనుకుని కూర్చున్న ఒక వృద్ధ కూలీని పట్టుకొచ్చారు. ఎర్రచొక్కా వెలిసిపోయి ఇటుకరంగుకు తిరిగింది. జబ్బకు ఇత్తడి బిళ్ళ. నెత్తిన పెట్టడానికి తమ పెట్టెనే ఇచ్చారు. ఆయన తువ్వాలును చుట్టకుదురుగా చుట్టి, మెడ బిగించి, మోకాళ్ళు సర్దుకుని, నలభై కిలోలకు తయారైన చేతులతో ఎత్తేసరికి పెట్టె అమాంతం గాలిలోకి లేచింది. అది ఖాళీది.

"అన్నా, చక్రాలు కనవడుతున్నయ్. వెనక్కి తిప్పు," అన్నాడు కెమెరా యువకుడు.

తిప్పాడు. ఇప్పుడు లాగుడు పిడి కనబడింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి పిడికి కట్టిన విమానం చీటీ ఆయన నుదుటి మీద వేలాడింది. దాన్ని కత్తిరించడానికి కత్తెర లేక ఒకడు పళ్ళతో కొరికాడు. కూలీల పొట్టకొట్టినవి ఆ చక్రాలే గనుక, కూలీ జ్ఞాపకచిత్రంలో చక్రాలు కనపడకూడదన్న కళాదృష్టి ఎంత సున్నితమైనదో గమనించగలరు. ఈలోగా బీహారులోని దానాపూర్‌కు పోయే బండికి వెళ్ళే కూలిజనం, ఖాళీ పెయింటు డబ్బాల్లో బట్టలు కుక్కుకుని, మూటలతో అటుగా వచ్చారు. వారిని పక్కకు జరగమన్నారు, ఫ్రేములోకి వస్తున్నారట. స్టేషను జ్ఞాపకాలను భద్రపరుస్తుంటే ప్రయాణికులు అడ్డురావడం ఏమి మర్యాద?

పదోసారో పదకొండోసారో తీశాక కెమెరా యువకుడికి ఇంకా ఏదో వెలితి కనిపించింది. "జర బరువు మోస్తున్నట్టు ముఖం పెట్టన్నా."

"బరువుంటే ముఖం దానంతటదే అట్లయితది సార్," అన్నాడు ఆయన.

అది హాస్యమనుకుని నలుగురూ నవ్వారు. చివరికి ఆయన భుజం తట్టి, థాంక్యూ చెప్పి, వీడియో పెట్టినప్పుడు ట్యాగ్ చేస్తామని మాట ఇచ్చి, ఆ ఖాళీ పెట్టెను తామే దొర్లించుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన చేతిలో రూపాయి పెట్టలేదు. పెట్టాలన్న ఆలోచన వచ్చి మానుకున్నా కొంత క్షమించవచ్చు. వారికి ఆ ఆలోచనే రాలేదు.

ఇక్కడ నా వ్యంగ్యం అయిపోయింది. ఎవరికోసం ఏడుస్తున్నారయ్యా మీరు? కమానులకా? సున్నానికా? ఆ కమానుల కింద ఏళ్ళ తరబడి మెడలరిగిన మనుషులు మీ జ్ఞాపకాల్లో ఎర్రచుక్కలు మాత్రమేనా? ఆ ఎర్రచొక్కా వేసుకున్నవాడు రైల్వే ఉద్యోగి కాడు. జీతం లేదు, పింఛను లేదు. మోసిన రోజు తిండి, మోయని రోజు పస్తు. 2008 రైల్వే బడ్జెట్‌లో కూలీలను పట్టాల పనిచేసే గ్యాంగ్‌మెన్‌గా తీసుకుంటామన్నారు. కొందరు వెళ్ళారు, వయసు మీరినవారు బిళ్ళతో మిగిలిపోయారు. 2016 రైల్వే బడ్జెట్‌లో ఇక వీరిని కూలీలనరాదు, 'సహాయక్' అనాలన్నారు. పేరు మార్పుతో పెట్టె ఒక్క గ్రాము తేలికపడలేదు. కొత్త భవనానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన చేశారు. అంచనా 720 కోట్లు. లిఫ్టులు రావాలి, కదిలే మెట్లు రావాలి. అరిగిన మోకాళ్ళున్న ప్రతివారికీ అవి కావాలి, వద్దనేవాడు మూర్ఖుడు. పనుల కోసం కొన్ని బండ్లను చర్లపల్లికీ కాచిగూడకూ మళ్ళించారు. బండ్లకు దారి చూపారు. మరి ఈ గోడకు ఆనుకుని కూర్చున్నవాడు ఎటు మళ్ళాలి? కూల్చివేతపై కన్నీరు కార్చిన మహాశయుల్లో ఒక్కరైనా ఈ ప్రశ్న అడగ్గా నేను చూడలేదు. గోడ పోతుందని గుండెలు బాదుకున్నారు. ఆ గోడకు ఆనుకున్న వీపు ఎవరికీ కనబడలేదు.

వీడియో తరువాత చూశాను. వెనక విషాద సంగీతం, ముందు కమాను, మధ్యలో పెట్టె. ముఖం మసకలోకి పోయింది, బిళ్ళ నంబరు అంచులో సగం తెగిపోయింది. చక్రాలు మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఆ పూట వారు వెళ్ళాక ఆయన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగాడు. "ఏ బండి సార్?" అని అడగబోయి, నా చేతిలోని పెట్టె వైపు, దాని కింది భాగం వైపు చూశాడు. దానికీ నాలుగు చక్రాలున్నాయి. ఆయన మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.